మా అత్తయ్యగారు చూసిన హిందీ సినిమా

మొన్న రెండో శనివారం మా అత్తయ్యగారికి హిందీ సినిమా చూపించాను. కావాలని చూపించింది కాదు. రెండు రోజులుగా వాన వదలట్లేదు, కేబుల్ పోయింది, దాంతో ఆవిడ సీరియల్ పోయింది. సీరియల్ లేని సాయంత్రం మా ఇంట్లో ఎలా ఉంటుందో చెబితే ఎవరూ నమ్మరు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు మా అమ్మాయి తన అకౌంటు ఏదో మా టీవీలో పెట్టి వెళ్లింది. వానకి నెట్టు ఎందుకు పోలేదో తెలీదు గానీ అది మాత్రం పనిచేస్తోంది. రిమోటు నొక్కుకుంటూ పోతుంటే 'టాయ్‌లెట్: ఏక్ ప్రేమ్ కథా' తగిలింది. 2017లో వచ్చిన సినిమా. అక్షయ్ కుమార్, భూమి పెడ్నేకర్. ఎప్పట్నుంచో చూద్దామనుకుంటూ చూడలేదు.

"పేరేంటమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు.

"లెట్రిను, ఒక ప్రేమకథ."

నన్ను ఎగాదిగా చూశారు. "నేనడిగింది సినిమా పేరు."

"అదేనండీ పేరు."

"పోన్లే పెట్టు. ఎవళ్లు చచ్చారో, ఎవళ్లు పుట్టారో ఆ సీరియల్లో ఎలాగూ తెలీదు ఇవాళ."

నేను హైస్కూల్లో హిందీ చెబుతాను. ప్రాథమిక దగ్గర్నుంచి ప్రవీణ దాకా హిందీ ప్రచార సభ పరీక్షలన్నీ పాలకొల్లులో ఒక మాస్టారి దగ్గర చదివి గట్టెక్కినదాన్ని. పక్కన కూర్చుని తెలుగులో చెబుతానని అత్తయ్యగారికి గొప్పగా మాటిచ్చాను. తీరా చూస్తే సినిమా జరిగేది మధుర దగ్గరి పల్లెల్లో. మాటంతా వ్రజ యాసలో దొర్లిపోతోంది. ప్రవీణలో సూరదాసు పదాలకి ప్రతిపదార్థం రాసిన మనిషిని, ఆ భాషలో చిన్నికృష్ణుడు వెన్న తినడం వరకే తెలుసు నాకు. అదే భాషలో మామగారూ కోడలూ లెట్రిను కోసం తగువులాడుకుంటుంటే సగం మాటలు చేతికందలేదు. అందనిచోట సొంతంగా కల్పించి చెప్పాను. ఆవిడ కనిపెట్టేశారు. "అంత పొడుగు మాట్లాడితే నువ్వు రెండు ముక్కలే చెబుతావేంటి?" అని రెండుసార్లు అడిగారు.

కథ క్లుప్తంగా చెప్పేస్తాను. కేశవ్ అనే అతనికి సైకిళ్ల కొట్టుంది. తండ్రి ఛాందసుడైన పండితుడు. కొడుక్కి కుజదోషం ఉందని ముందు ఒక గేదెనిచ్చి పెళ్లి చేస్తాడు. ఆ తర్వాత, ఎడమచేతికి రెండు బొటనవేళ్లున్న పిల్లయితేనే కోడలుగా తెచ్చుకోవాలంటాడు. కేశవ్ చదువుకున్న జయని ప్రేమించి, ఆమె చేతికో ఉత్తుత్తి బొటనవేలు తొడిగి, తండ్రిని మాయచేసి పెళ్లాడతాడు. తెల్లవారుజామున ఆడవాళ్లు వచ్చి తలుపు కొట్టి, చెంబు పట్టుకుని పొలానికి రమ్మంటారు. అప్పుడు తెలుస్తుంది జయకి, ఇంట్లో లెట్రిను లేదని.

గేదె పెళ్లి దగ్గర అత్తయ్యగారు పడీపడీ నవ్వారు. బొటనవేలు దగ్గర ఇంకా నవ్వారు. మొదటి అరగంటా కేశవ్ ఆ పిల్ల వెంటపడటం మాత్రం నాకు నచ్చలేదు. వద్దన్నా వెనకే తిరిగితే ప్రేమ అయిపోతుందని మన సినిమాలూ ఇదే నేర్పాయి, మా తొమ్మిదో తరగతి కుర్రాళ్లు ఆ పాఠం బాగానే వంటబట్టించుకున్నారు. సమాజానికి మంచి చెబుతామని బయల్దేరిన సినిమాకైనా ఆ ధ్యాస ఉండొద్దా? పైగా అప్పటికి అక్షయ్ కుమార్‌కి యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి. "పెళ్లికొడుకు కాస్త ముదురేమో?" అన్నారు అత్తయ్యగారు. నేను తెలుగులో చెప్పక్కర్లేకుండా ఆవిడకి అర్థమైన సంగతుల్లో అదొకటి.

చెంబుల బృందం తెర మీదికి వచ్చేసరికి ఆవిడ నవ్వు ఆగింది. నాకేసి తిరక్కుండానే, "మేం కాలవ గట్టుకెళ్లేవాళ్లం" అన్నారు.

మాది రాజోలు వైపు ఒక ఊరు. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే పంట కాలవ, అవతలి గట్టు వెంట తుప్పలు, కొబ్బరిచెట్లు, వాటి వెనక చేలు. ఆడవాళ్లకి అవతలి గట్టు, మగవాళ్లకి చేల దారి. ఆ నీళ్లే కాలవలోంచి మంచినీళ్ల చెరువుకి వదిలేవారు, ఆ చెరువు నీళ్లే బిందెలతో మోసుకొచ్చుకునేవారు. ఆ సంగతి ఆవిడ నాకు చాలాసార్లు చెప్పారు, ఏదో గొప్ప చెప్పుకున్నట్టే. చెప్పనివి ఆవేళ చెప్పారు.

చీకటి పడ్డాక మంచినీళ్లు తాగేవారు కాదట. రాత్రి అన్నంలో మజ్జిగ మానేశారట, పెళ్లైన నెలకే. పొట్టలో గడబిడ చేస్తే తెల్లారేదాకా బిగబట్టుకుని పడుకోవడమేనట. మా ఆయన కడుపులో ఉన్నప్పుడు వర్షాకాలం, గట్టు జారుడు, తోడు తోటికోడలు, ఒక చేత్తో లాంతరు, ఒక చేత్తో చెంబు. "పాములుండేవి కాదా అత్తయ్యగారూ?" అన్నాను. "ఉండేవి. వాటికి మేం అడ్డం, మాకవి అడ్డం" అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు. సినిమాలో జయ ఆ చెంబుల బృందాన్ని నిలదీస్తుంది, ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఎందుకెళుతున్నారని. అది తెలుగులో చెప్పగానే అత్తయ్యగారికి కోపం వచ్చింది. "నోరు మూసుకుని ఎవళ్లెళ్లారు? ఆ గట్టు మీదే కదా మేం నోరు తెరిచింది!" అన్నారు. అత్తగారి మీద చాడీలు, మొగుడి తాగుడు, ఎవరికి నెల తప్పింది, ఎవరింట్లో పిల్ల సంబంధం చెడింది, అన్నీ అక్కడేనట. ఇంట్లో గొంతెత్తితే తప్పు, నూతి దగ్గర నిలబడితే తప్పు. రోజుకి ఆ అరగంటే అడిగేవాడు లేనిది. ఇలాగని ఆవిడకి ఆ గట్టు మీద బెంగేమీ లేదు. "ఆ కబుర్ల కోసం మళ్లీ వెళతారా?" అంటే, "నీకేమైనా పిచ్చా?" అన్నారు. రెండూ నిజమే. సినిమా మాత్రం ఒక్కటే చూసింది.

మధ్యలో రైలు సీను వస్తుంది. ఊరి స్టేషన్లో ఏడు నిమిషాలాగే రైలొకటి ఉంటుంది. కేశవ్ రోజూ జయని బండి మీద తీసుకెళ్లి అందులో ఎక్కిస్తాడు. పని కానిచ్చుకుని ఆమె దిగిపోతుంది. ఒకరోజు ఎవరిదో సామాను తలుపుకి అడ్డం పడి ఆమె బయటికి రాలేకపోతుంది, రైలు కదిలిపోతుంది. చూడ్డానికి నవ్వులాటగానే ఉంది గానీ నాకు ఒళ్లు జలదరించింది. అత్తయ్యగారు, "మనకి ఆ దారి కూడా లేదు కదా" అన్నారు. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు లైను అని పాతికేళ్లుగా వింటున్నాం. గోదావరి పాయ గౌతమిలో స్తంభాలు లేచాయి, రైలు మాత్రం ఇంకా మా వైపుకి దాటలేదు. లెట్రిను కోసం రైలెక్కాలంటే మేం ముందు గోదావరి దాటాలి.

జయ పుట్టింటికి వెళ్లిపోతుంది. లెట్రిను కడితేనే వస్తానంటుంది. ఇది గాల్లోంచి అల్లిన కథ కాదు. మధ్యప్రదేశ్‌లో బైతూల్ జిల్లాలో అనితా నర్రే అనే ఆవిడ పెళ్లైన రెండ్రోజులకే ఇదే కారణంగా అత్తిల్లు వదిలి వెళ్లిపోయింది. లెట్రిను కట్టాకే తిరిగొచ్చింది. సులభ్ సంస్థ ఆవిడకి 5 లక్షల రూపాయల బహుమతి ఇచ్చింది. హర్యానాలోనైతే 2005లోనే లెట్రిను లేని ఇంటికి పిల్లనివ్వొద్దని ప్రచారం నడిచింది.

ఇవన్నీ చదివినప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొస్తుంది. 1998లో మా సంబంధం మాట్లాడుకుంటున్నప్పుడు ఇల్లు చూడ్డానికి అమ్మా నాన్నా ఈ ఊరు వచ్చారు. మగవాళ్లు అరుగు మీద కూర్చుని పొలం ఎన్ని ఎకరాలు, దింపుకి ఎన్ని కాయలు అని లెక్కలేసుకుంటున్నారట. మా అమ్మ కాళ్లు కడుక్కుంటానని చెప్పి పెరట్లోకి వెళ్లింది. తిరిగొచ్చి నాన్న పక్కన కూర్చుని, "ఖాయం చేసుకోండి" అందట. పొలం సంగతి తేలకముందే. పాలకొల్లులో మేమున్న అద్దె వాటాల్లో నాలుగు కాపురాలకి ఒకటే లెట్రిను. పొద్దున్నే వరస. దాన్ని తిట్టుకుంటూ పెరిగిన నాకు, అదైనా లేని ఇళ్లున్నాయని పెళ్లయ్యేదాకా తట్టలేదు. అమ్మకి తట్టింది.

ఆ మాటే అత్తయ్యగారితో అన్నాను. "నాకు తెలుసు" అన్నారు. "మీ అమ్మ చెయ్యి పెట్టి గోడ నొక్కి చూసింది, గట్టిదో కాదోనని. కిటికీలోంచి చూశాను."

"అప్పటికే కట్టించేశారన్నమాట. కోడలొస్తుందనా?"

"కోడలొస్తుందని కాదు, పాడూ కాదు. తుపానుకి."

1996 నవంబరు 6. కోనసీమలో ఆ తేదీకి వివరం అక్కర్లేదు. ఆ రాత్రి గాలికి మావాళ్ల తోటలో సగం చెట్లు పడిపోయాయని విన్నాను. పెంకులు ఎగిరిపోయాయని విన్నాను. గట్టు సంగతి ఎవరూ చెప్పలేదు. తెల్లారి చూస్తే అవతలి గట్టు బోడిగా ఉందట. కొబ్బరిచెట్లు లేవు, తుప్పలు కొట్టుకుపోయాయి, ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి కనిపిస్తోంది. "ఇల్లు పోయినవాళ్లు ఇల్లు పోయిందని ఏడ్చారు. మాకు చాటు పోయింది. అది ఎవళ్లకి చెప్పుకుంటాం?" అన్నారు. వారం రోజులు నడిరాత్రి రెండింటికి లేచి వెళ్లారట.

డబ్బులు లేవు. పడిపోయిన కొబ్బరి దుంగలు అమ్ముదామంటే అందరి తోటల్లోనూ అవే దుంగలు, కొనేవాడు ఎవడు? ఆవిడ దగ్గర ఒక పడ్డ గేదె ఉండేది, పుట్టింటివాళ్లిచ్చింది. అది అమ్మేశారు. ఆ డబ్బుతో గుంతకి ఒరలు, సిమెంటు, ఒక తలుపు. మా మామగారు వద్దన్నారు. వంటిల్లున్న ఇంట్లో లెట్రినేమిటన్నారు, నూతికి దగ్గరన్నారు, వాస్తన్నారు. సినిమాలో పండితుడు చెప్పినవన్నీ ఈయనా చెప్పారు, శాస్త్రం ఒక్కటే తక్కువ. సినిమాలో ఆ తండ్రి కొడుకు కట్టించినదాన్ని పడగొట్టిస్తాడు. మామగారు పడగొట్టలేదు గానీ, తాను మాత్రం పోయేదాకా లంక పొగాకు చుట్ట ముట్టించుకుని చేల వైపే వెళ్లారు. అది నేనూ చూశాను. పాతకాలం అలవాటనుకున్నాను. ఇన్నేళ్లకి తెలిసింది, అది అలకని.

"వాడు గేదెని పెళ్లాడాడు, నేను గేదెని అమ్మాను" అని మళ్లీ నవ్వారు ఆవిడ.

మా నేల సంగతి తెలియనివాళ్లకి ఇందులో ఇంకో తమాషా చెప్పాలి. ఆ మధుర వైపు గుంత తవ్వితే మట్టి వస్తుంది. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్లొస్తాయి. వానాకాలంలో అంత కూడా అక్కర్లేదు. అందుకే మా వైపు లెట్రిన్లు ఎత్తు అరుగు మీద, మెట్లెక్కి వెళ్లేలా, చిన్న గుడిలా ఉంటాయి. అయినా ఆగస్టులో గుంత నిండి నీళ్లు వెనక్కి తంతాయి. ఇక వరద వస్తే లంకల్లో ఉన్నవాళ్ల పాట్లు చెప్పనక్కర్లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి మా స్కూలు పిల్లల ఇళ్లు చాలావాటిలో లెట్రిన్లు నీళ్లలోనే ఉన్నాయి. ఇళ్లకి తిరిగి వెళ్లాక ఒక పిల్ల నాతో అన్నది, "మేడమ్, ఇంట్లో బురద తీసేశాం గానీ దాంట్లోది ఎలా తీయాలి?" అని.

సినిమా రెండో సగం నాకు నచ్చకపోవడానికి కారణం అదే. అక్కడి నుంచి ప్రభుత్వ ప్రకటనలా మారిపోయింది. ఊళ్లో ఆడవాళ్లు కదులుతారు, టీవీ వాళ్లొస్తారు, కోర్టుకెక్కుతారు, అందరూ ఉపన్యాసాలిస్తారు. మూఢనమ్మకం పోతే లెట్రిను వచ్చేసినట్టే అన్నట్టు చూపించారు. కాలవ పోరంబోకులో పాక వేసుకున్నవాళ్లకి నమ్మకాలేం అడ్డం? కట్టుకోడానికి సొంత జాగా ఉండాలి ముందు. స్వచ్ఛ భారత్ కింద ఇచ్చే 12 వేలు ఈ నీటి నేలలో పునాది లేపడానికే చాలవని మా ఊరి తాపీమేస్త్రి నాకు లెక్క వేసి చెప్పాడు.

ఇంకొకటి. అంత సేపు లెట్రిను గురించి మాట్లాడిన సినిమాలో, అది నిండితే ఎత్తేదెవరన్న మాటే లేదు. పాలకొల్లులో మా చిన్నప్పుడు ఒకావిడ తట్టా చీపురూ పట్టుకుని వెనక సందులోంచి వచ్చేది. ముందు గుమ్మంలోంచి రావడానికి లేదు. ఆవిడకి మంచినీళ్లు పైనుంచి పోసేవాళ్లు. అదేమిటని నేనెప్పుడూ అడగలేదు. మనుషుల చేత ఆ పని చేయించకూడదని 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకొకటి వచ్చింది. ఇప్పుడు లారీ వస్తోంది, గొట్టం వేసి తోడుకుపోతోంది. మూడేళ్ల కింద మా ఇంట్లో తోడించాం. డబ్బు తీసుకుని వెళ్లిన ఆ లారీ, చీకటిపడ్డాక ఊరి చివర మురుగు కోడు పక్కన ఆగి ఉండగా మా ఆయన చూశారు. అడిగితే, "ఇంకెక్కడ పొయ్యమంటారండి?" అన్నాడట డ్రైవరు. మా దగ్గర జవాబు లేదు. ఆ కోడు నీళ్లు దిగువ ఊళ్లో చేపల చెరువులకి వెళతాయి. ఆ ఊరి పిల్లలు నా క్లాసులోనే కూర్చుంటారు.

అలాగని సినిమా బాగోలేదనను. చదువుకున్న పిల్ల, భర్త మీద ప్రేమ ఉండి కూడా, ఒక గోడా ఒక తలుపూ లేవని ఇల్లు వదిలి వెళ్లడం తెర మీద చూపించారు. ఆమె గయ్యాళిలా కనిపించదు. భూమి పెడ్నేకర్ మొహంలో ఆ మొదటి రోజు తెల్లవారుజామున కనిపించేది కోపం కంటే ముందు నమ్మలేకపోవడం. నేను ఉద్యోగంలో చేరిన మొదటి స్కూల్లో ఆడపిల్లల లెట్రినుకి తాళం వేసి ఉండేది, తాళంచెవి హెడ్మాస్టరు బల్ల సొరుగులో. ఏ పిల్ల వెళ్లి అడుగుతుంది? ఆ తాళం గురించి గొడవ పెట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. జయకి ఒక్క పూట పట్టింది.

చివర్లో ఆ ఇంటి ముసలావిడ గడప దగ్గర పడి దెబ్బ తగిలించుకుంటుంది. పొలానికి వెళ్లలేదు. కన్నతల్లి కష్టం చూశాక గానీ ఆ పండితుడి మనసు కరగదు. అత్తయ్యగారు పెదవి విరిచారు. "మొగాడికి అమ్మ పడితే గానీ తెలీలేదన్నమాట. పెళ్లాం ఇన్నేళ్లు ఎక్కడికెళ్లిందనుకున్నాడో!"

పండితుడి భార్యని సినిమాలో నేనూ చూసిన గుర్తు లేదు. ఆ ప్రశ్న హిందీ ప్రవీణకి రాలేదు.

సినిమా అయ్యేసరికి మా ఆయన కుర్చీలోనే నిద్రపోయారు. వాన తగ్గింది. టీవీ కట్టేసి ఆవిడకి మాత్రలిచ్చి మంచినీళ్లిస్తే గ్లాసు నిండా తాగారు. తాగి, పడుకోకుండా కూర్చున్నారు.

"హీరో అంటే వాడు కాదమ్మాయ్" అన్నారు.

"మరెవరండీ?"

"రాజోలు నుంచి తెల్లారుగట్ల తొలిబస్సు వచ్చేది. ఎర్ర బస్సు. వంతెన ఎక్కి మలుపు తిరిగిందంటే లైటంతా గట్టు మీదే పడేది. మేమందరం చటుక్కున లేచి నిలబడిపోయేవాళ్లం, వరసగా, బడి పిల్లల్లాగా. బస్సు వెళ్లేదాకా అలాగే. కడుపుతో ఉన్నవాళ్లయినా సరే. లారీలవాళ్లయితే ఇంకా హారను కొట్టేవారు, నవ్వుకుంటా. తర్వాత ఒక డ్రైవరు వచ్చాడు ఆ బస్సుకి. మొదటి రోజు మామూలుగానే వచ్చాడు. రెండో రోజు నుంచి వంతెన దిగే ముందు లైట్లు ఆర్పేసేవాడు. అంత మలుపు, పక్కన కాలవ, చిమ్మచీకటి. మెల్లిగా, చప్పుడుని బట్టి నడిపించుకుంటా వెళ్లి, రావిచెట్టు దాటాక వేసుకునేవాడు. రెండేళ్లో మూడేళ్లో అలాగే చేశాడు. ఎవరూ చెయ్యమని చెప్పలేదు."

"ఆయన పేరేంటి అత్తయ్యగారూ?"

"ఏమో. మొహమే చూళ్లేదు. మేం అటు తిరిగి ఉండేవాళ్లం కదా."